పాలు పొంగించిన చెయ్యి

మా తమ్ముడు ఢిల్లీరావు చేసిన పని వల్ల నా భార్య తోటలో, తాటాకు పాకలో చనిపోయింది. ఇది నా అనుమానం కాదు. జరిగింది ఇదే.

అంతకు ముందు జరిగినది నాలుగు ముక్కల్లో చెబుతాను. 2000 సంవత్సరం వేసవిలో మా యూనిట్‌ను కాశ్మీరు కొండల్లోకి పంపారు. అక్కడికి కుటుంబాలు రాకూడదు. ఉన్న క్వార్టరు మే నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. విశాఖలో సిపాయిల కుటుంబాలకిచ్చే క్వార్టర్లకు దరఖాస్తు పెట్టాను. వంతు రావడానికి ఏడాది పడుతుందన్నారు. ఆ ఏడాదీ భార్యనూ ఎనిమిదేళ్ళ కూతుర్నీ ఎక్కడ ఉంచాలి? మాది వజ్రపుకొత్తూరు పక్క పల్లె. అక్కడ నాకు ఇల్లు లేదు. నా వాటాకు వచ్చిన జీడితోటలో ఒక పాక మాత్రం ఉంది. అందుకని కాశీబుగ్గలో జగదీశ్వరరావు గారింట్లో కింది వాటా అద్దెకు మాట్లాడమని తమ్ముడికి రాశాను. మూడు నెలల అద్దె ముందే పంపాను.

ఆ ఏడు వైశాఖం మొదలు ఆషాఢం దాటేదాకా మంచిరోజు లేదు. అన్నీ మూఢాలే. మూఢంలో కొత్త ఇంట్లో దిగకూడదు. సైన్యం మూఢం చూడదు. ఇలాంటప్పుడు మావాళ్ళు చేసే పని ఒకటుంది. మూఢం రాకముందే ఇంటి మనిషిని ఎవరినైనా పంపి, ఆ ఇంట్లో పాలు పొంగించి, గుప్పెడు బియ్యం, కాస్త ఉప్పు పెట్టి తాళం వేయిస్తారు. తరవాత ఎప్పుడు దిగినా దోషం లేదు. తమ్ముడికి అదీ రాశాను. వాడు చైత్రంలోనే వెళ్ళి, భార్య మహాలక్ష్మి చేత పాలు పొంగించాడు.

జూన్‌లో నా భార్య దమయంతి, కూతురు అశ్విని పలాసలో రైలు దిగారు. ఆ ఇంట్లో మాత్రం దిగలేదు. దమయంతి తోటలో పాకకు వెళ్ళింది. నెల తరవాత తమ్ముడి ఉత్తరం కొండ మీదికి వచ్చింది. పాలు మహాలక్ష్మి పొంగించింది కాబట్టి మూఢం వెళ్ళేదాకా ఆ పొయ్యి ఇంకో ఆడమనిషి వెలిగించకూడదని ఇంటాయన జగదీశ్వరరావు గారు అన్నారట. ఇచ్చిన అద్దె పోతుందని, పిల్లను దగ్గర పెట్టుకుని తమ్ముడూ మహాలక్ష్మీ దిగిపోయారట. మూఢం వెళ్ళింది. శ్రావణం వచ్చింది. వాళ్ళు కదల్లేదు. దమయంతి వానల్లో పాకలోనే ఉంది. మార్గశిరంలో పోయింది. కిడ్నీలు పోయాయన్నారు. మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న జబ్బే, ఆ మాటకు ఎవరూ ఆశ్చర్యపోరు. మంచు పడి దారి మూసుకుపోయింది. నేను తొమ్మిదో రోజుకు చేరాను.

పిల్లకు బడి కావాలి. నాకు ఇంకెవరూ లేరు. కనక నా కూతుర్ని ఆ తమ్ముడి దగ్గరే, ఆ వాటాలోనే నాలుగేళ్ళు ఉంచాను. నెలనెలా మనియార్డరు పంపాను. అందులో రెండు వాక్యాలు రాయడానికి చోటు ఉంటుంది. ఏనాడూ రాయలేదు.

2004 జూన్‌లో పింఛను తీసుకుని వచ్చేశాను. టెక్కలిలో ఒక గది కుదుర్చుకుని, వ్యాను మాట్లాడుకుని కాశీబుగ్గ వచ్చాను. నాకు రెండే కావాలి. కూతురు, నా ఇనప పెట్టె. ఆ రెండూ తీసుకున్నాక తమ్ముడి గుమ్మం మళ్ళీ తొక్కకూడదని తీర్మానించుకున్నాను.

వ్యాను ఆగేసరికి మధ్యాహ్నం మూడు. వీధంతా జీడిపిక్కలు కాల్చే పొగ. వ్యాను తోలే నూకయ్య మా ఊరివాడు, వరసకు బావ. గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"అదేనేటి పెట్టె? ఏటున్నాయి బావా అందులో, ఫిరంగులా?"

నేను నవ్వలేదు.

పెట్టె ముందుగదిలో ఉంది. నల్ల రంగు, దాని మీద తెల్ల అక్షరాలతో నా నంబరు, నా పేరు. క్వార్టరు ఖాళీ చేసిన రోజున నేనే రాశాను. ఇప్పుడు దాని మీద పూలగుడ్డ పరిచి, గడియారం పెట్టి, బల్లలా వాడుతున్నారు. గోడకు ఆనించలేదు. వెనక మనిషి పట్టేంత ఎడం ఉంచారు. ఆ ఎడంలో చాప వేసుకుని మహాలక్ష్మి జీడిపప్పు పొట్టు తీస్తోంది. ఇంటాయన బట్టీ నుంచి తెచ్చుకుని ఇంట్లోనే చేస్తుంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. లేవలేదు. బావ గుమ్మంలోకి వస్తే లేవని మరదలిని మా వైపు చూడలేదు. అది కూడా మనసులో రాసి పెట్టుకున్నాను.

"రా అన్నియ్యా. కూకో" అన్నాడు తమ్ముడు.

"కూకోడానికి రానేదు. పిల్లని పంపు. పెట్టె ఎత్తించు."

అశ్విని లోపలి తలుపు పట్టుకుని నిలబడింది. పన్నెండేళ్ళు. తల్లి పొడవు వచ్చింది.

"బడి మొన్నే తెరిసినారు నాన్నా. టెక్కల్లో నాకెవులూ తెల్దు."

"నానున్నాను కదా."

నువ్వు మాత్రం నాకేం తెలుసు అన్నట్టు చూసింది పిల్ల. తప్పు దానిది కాదు. నాలుగేళ్ళలో మూడు సెలవుల్లో చూసిన మనిషిని.

"ఈ ఏడు ఇక్కడే ఉండనీ అన్నియ్యా. పరీక్షలయ్యాక నీ ఇట్టం" అన్నాడు తమ్ముడు.

"నీ ఇంటనా? ఇది ఎవుడిల్లురా? ఎవుడి డబ్బుతో మాటాడిన ఇల్లు?"

"నీదే."

"నా ఇల్లయితే నా పెళ్ళాం తోటలో ఎందుకు సచ్చింది?"

వాడు తల దించుకున్నాడు. తొమ్మిదో రోజున వచ్చినప్పుడూ అలాగే దించుకున్నాడు. తప్పు చేసినవాడికి తప్ప ఆ తల అలా దిగదు. నాకు ఆ సాక్ష్యం చాలు.

నా గొంతు పెద్దదై ఉంటుంది. మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. జగదీశ్వరరావు గారు దిగి వచ్చారు. అరవై దాటిన మనిషి. రెండు జీడి బట్టీలున్నాయి. వేళ్ళకు ఉంగరాలూ ఉన్నాయి, పిక్కల నల్లమరకలూ ఉన్నాయి.

"ఏటీ గోల? ఓహో, తవిటయ్యా! పింఛనీ అయిపోనావంట కదా."

"మీరే దిగొచ్చినారు, మంచిదే బాబూ. ఒక్క మాట అడగాల మిమ్మల్ని."

"అడుగు." కుర్చీ లాక్కుని పెట్టెకు ఎదురుగా కూర్చున్నారు.

"అద్దె పంపింది నాను. పాలు మా మరదలు పొంగించింది. పాలు పొంగించిన చెయ్యి ఎవులిదయితే ఇల్లు ఆలదేనా? నా భార్యని గుమ్మం కాడి నించి తిప్పి పంపినారు. ఆ శాస్త్రం మీకు ఏ పంతులు సెప్పినాడు?"

ఆయన నా వంక చూశారు. తమ్ముడి వంక చూశారు.

"ఏ పాలు?"

"బాబుగారూ, మీరు పైకెల్లండి. మేం మాటాడుకుంతాం" అన్నాడు తమ్ముడు.

"ఉండరా. ఏ పాలు తవిటయ్యా? అద్దె నెలకి నెల వత్తే సాలు, పాలు ఎవులు పొంగిత్తే నాకేటి? మూఢం వచ్చిందంటే ఒకలు పొంగిత్తారు, ఇంకొకలు దిగుతారు. మా అమ్మాయి అద్దె ఇంట్లో నాను పొంగించినాను. నాను దిగినానా?"

"మరి నా భార్యకి ఇల్లెందుకు ఇయ్యనేదు?"

"కాళ్ళు సూసి."

మహాలక్ష్మి చేతిలో పప్పు చేటలో పడిన చప్పుడు వినబడింది.

"నీకు తెల్దా? ఇన్నాళ్ళూ?" అన్నారు ఆయన. గొంతు తగ్గించారు కానీ మాట ఆపలేదు. "రిచ్చా దిగింది. ఈ పెట్టె గుమ్మం కాడ దింపినారు. సెప్పులు సేత్తో పట్టుకుని దిగింది ఆ అమ్మి. పాదాలు వాచిపోయున్నాయి. నొక్కితే గుంట పడేలాగున్నాయి. నాను ఉద్దానంలో పుట్టినోణ్ణే. ఆ వాపు సూడ్డానికి నాకు డాక్టరు అక్కర్నేదు. అప్పటికే ఈ కింద వాటాలో ఇద్దరు పోనారు ఆ జబ్బుతోటి. రెండోవోడు ధనిష్ఠలో పోనాడు. ఆర్నెల్లు ఇల్లు మూసీమన్నారు పంతులు. మూసినాను. తెరిసినాక ఏడాదైనా ఒక్కడు అద్దెకి రానేదు. మా పిల్లకొచ్చిన సంబంధం ఇల్లు సూసి ఎనక్కెల్లిపోయింది. అందుకే వద్దన్నాను. తప్పయితే తప్పే, కాదన్ను. కానీ పాల మీద ఎట్టి అనలేదు. ఆ అమ్మి మొహం మీదే సెప్పినాను."

నాకు చెవుల్లో రైలు కూత వినబడింది.

అది పలాస రైలు కాదు. మేమున్న క్వార్టర్ల ఊరి స్టేషను. నేను వీళ్ళిద్దర్నీ రైలెక్కించిన రోజు. జీతం లెక్కలు యూనిట్‌తో పాటు కదిలిపోయాయి. చేతిలో ఉన్నదంతా క్వార్టరు కరెంటు బిల్లుకూ, పగిలిన కిటికీ అద్దాలకూ కట్టి కాగితం తెచ్చుకున్నాను. ఆ కాగితం లేకపోతే గేటు దాటనివ్వరు. దమయంతి ప్లాట్‌ఫారం మీద నిలబడి, "సెప్పులు బిగువైపోనాయి, కొత్తయి కొంతావా?" అంది. నేను దాని పాదాల వైపు చూశాను. చూశాను. "కొత్త సెప్పులకి ఇప్పుడు డబ్బెక్కడిది? నడవగా నడవగా సాగుతాయి" అన్నాను. అది చెప్పులు తీసి చేత్తో పట్టుకుని రైలు పెట్టె ఎక్కింది.

ఇంటాయన ఒక్క చూపుతో చూసినది నేను అన్నేళ్ళు కాపురం చేసీ చూడలేదు.

తమ్ముడి వైపు తిరిగాను. "ఉత్తరంలో పాలని ఎందుకు రాసినావురా?"

మహాలక్ష్మి పలికింది. తల ఎత్తలేదు. చేటలో పప్పులు వేరుతూనే చెప్పింది.

"అక్క రాయమంది బావా."

"నువ్వూరుకో" అన్నాడు తమ్ముడు.

"ఎన్నాళ్ళు ఊరుకోమంతారు? నాలుగేళ్ళు ఊరుకున్నాను. ఊళ్ళో ఆడోళ్ళు నా మొహం మీదే అన్నారు, తోడికోడల్ని తోటపాలు సేసి ఇంట్లో కూకున్నానని. పాలు పొంగించిన సేతులు పాపిష్టివన్నారు." చేటలోంచి చెయ్యి తీసి నా వైపు తిప్పింది. పిక్కల రసానికి వేళ్ళు నల్లబడి, చర్మం లేచి ఉంది. "ఆ రోజు అక్క ఈ పెట్టె మీదే కూకుంది బావా. కాళ్ళు సీర కిందికి లాక్కుంది. ఏడవనేదు. ఈయన్ని పిలిసి సెప్పింది. 'నా ఒంటి సంగతి మీ అన్నకి తెలిత్తే తుపాకీ అక్కడుంతాది, మనసు ఇక్కడుంతాది. అలాటోడు తిరిగి రాడు. నీ మీద కోపమయితే వత్తాడు. కొట్టడానికయినా వత్తాడు' అంది. పాల సంగతి అక్కే అల్లింది. పిల్ల నెత్తి మీద సెయ్యెట్టించి ఈయన సేత ఒట్టేయించుకుంది."

అశ్విని తలుపు దగ్గరే ఉంది. చెయ్యి తన నెత్తి మీదికి వెళ్ళింది, ఎప్పటిదో దెబ్బ తడుముకున్నట్టు. పిల్లకూ తెలుసు. నాకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

"శ్రావణం వచ్చింది కదా. మూఢం ఎల్లిపోయింది కదా. అప్పుడయినా మీరు దిగిపోయి ఆమెని ఈ ఇంట ఎట్టకూడదా?" అన్నాను. అడుగుతూండగానే ఆ ప్రశ్నకు అర్థం లేదని తెలుస్తోంది.

"ఇయ్యనన్నారు కదా" అన్నాడు తమ్ముడు. "పిల్లకి బడి పోకూడదు, ఇచ్చిన అద్దె పోకూడదు, మీరే దిగండంది ఒదిన. పిల్లని మా కాడుంచి తను తోటకెల్లింది. మూడు నెల్లు నీ డబ్బు అందనేదు. ఇసాపట్నం ఆసుపత్రికి మూడు మాట్లు తీసుకెల్లినాను. నాలుగో మాటు తనే రానంది."

మూడు నెలలు డబ్బు అందని సంగతి నాకు తెలుసు. యూనిట్ కదిలినప్పుడు అందరికీ అంతే, తరవాత కలిపి వస్తుందన్నారు. వచ్చింది, కలిపే వచ్చింది. కార్తీకం వెళ్ళాక వచ్చింది.

"నాకొక్క తంతి ఇచ్చుంటే సెలవెట్టి వచ్చీవోణ్ణి."

"వచ్చి?" అన్నాడు తమ్ముడు. మొదటిసారి తల ఎత్తాడు. "వచ్చి ఏ ఇంట ఎట్టీవోడివన్నియ్యా? ఈ ఊళ్ళో పదకొండు గుమ్మాలెక్కినాను నాను. ఒదిన్ని రిచ్చాలో కూకోబెట్టి ఎక్కినాను. అందరూ ముందు రిచ్చా వైపే సూసినారు."

జగదీశ్వరరావు గారు నేల చూస్తూ ఉంగరం తిప్పుకుంటున్నారు.

నిజం తెలిస్తే గుండె తేలికవుతుందంటారు. అనేవాళ్ళకు ఏమీ జరిగి ఉండదు. ఆ మంచులో రెండేళ్ళు నన్ను నిలబెట్టింది వీడి మీద కోపమే. కాళ్ళు మొద్దుబారితే వీడి మొహం తలుచుకునేవాణ్ణి, నెత్తురు కదిలేది. దమయంతి లెక్క తప్పలేదు. కొట్టడానికే వచ్చాను. బతికే వచ్చాను. కానీ నా భార్య నన్ను అడగకుండా నా కోసం ఒక శత్రువును తయారుచేసి ఇచ్చింది. అది నేను మెచ్చుకోను. నాకు తెలియకుండా నా తమ్ముడు దానికి ఒప్పుకున్నాడు. అదీ మెచ్చుకోను. ఒట్టు వేసినవాడు ఒట్టు తీర్చుకున్నాడు, సరే. నా చేత నాలుగేళ్ళు తిట్టించుకున్నందుకు వాడికి దండం పెట్టలేను.

"నూకయ్యా, పట్టు. పెట్టె ఎత్తుదాం."

"అన్నియ్యా," అన్నాడు తమ్ముడు. "పెట్టె ఉండనీ. పిల్లని తీసుకెల్లు, నాను అడ్డు సెప్పను. పెట్టె ఉండనీ."

పిల్లను ఇస్తానని పెట్టె వద్దంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. గుడ్డా గడియారమూ కింద పెట్టాను. నూకయ్య ఒక కడియం, నేనొక కడియం పట్టుకుని జానెడు లాగాం.

వెనక చాప కనబడింది. చాప మీద మహాలక్ష్మి పాదాలు కనబడ్డాయి.

లాక్కోబోయింది. చటుక్కున రాలేదు. బరువు. మడమల దగ్గర చర్మం బిగిసి మెరుస్తోంది. వేళ్ళకు మట్టెలు లేవు. మొగుడు ఎదురుగా ఉండగా మట్టెలు తీసిన ఇల్లాలు. తీసి పారెయ్యలేదు. నల్లదారంతో పుస్తెల పక్కనే కట్టుకుంది. ఇందాక నేను వచ్చినప్పుడు ఎందుకు లేవలేదో, పెట్టె వెనక మనిషి పట్టేంత ఎడం ఎందుకుందో తెలిసింది.

తమ్ముడి వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. పెట్టెకు అవతల కుర్చీలో కూర్చున్న ఇంటాయన వైపు చూస్తున్నాడు. ఆయన ఇంకా ఉంగరం తిప్పుకుంటున్నారు. ఇంకో జానెడు లాగితే చాలు. డాక్టరు అక్కర్లేని కళ్ళు అవి.

పెట్టెను వెనక్కి తోశాను.

"ఏటయింది బావా?" అన్నాడు నూకయ్య.

"బరువుగా ఉంది. ఉండనీ."

"నాను ముందే అన్నాను, ఫిరంగులని."

గుడ్డ తీసి మళ్ళీ పరిచాను. గడియారం పెట్టాను. గుడ్డ అంచు ఒక పక్క పొట్టిగా ఉంటే కిందికి లాగాను. తరవాత ఇంటాయనకూ మహాలక్ష్మికీ మధ్య, పెట్టె మీదే కూర్చున్నాను.

"పిల్లని తీసుకెల్లవా ఏటి?" అన్నారు జగదీశ్వరరావు గారు.

"ఈ ఏడు ఇక్కడే సదువుద్ది. నానూ ఇక్కడే ఉంతాను. ఈ నెల నుంచి అద్దె నాను ఇత్తాను బాబూ."

"మంచి మాట. సిపాయి అద్దె తప్పడు." ఆయన మొహం కొంచెం తేలికపడింది. లేచారు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. "అన్నట్టు, ఎల్లుండి సున్నాలోళ్ళు వత్తారు. పైనా కిందా రెండూ ఏయిత్తన్నాను. సామాన్లన్నీ గోడల కాడి నించి తీసి వీధిలో ఎట్టీయండి, ఈ పెట్టెతో సహా. ఇంట్లో మనుసులు కూడా బయట కూకోవాల. నాను దగ్గరుండి ఏయిత్తాను."

చెప్పుల చప్పుడు పైకి వెళ్ళిపోయింది. నూకయ్య వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు, వచ్చిన దారి అద్దె మాత్రమే తీసుకుని. అశ్విని వచ్చి వీధి తలుపు వేసింది. ఎవరూ చెప్పకుండానే వేసింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"రెండు నెల్లు" అన్నాడు తమ్ముడు. తరవాత నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వాడి కళ్ళు నిండాయి. "అన్నియ్యా, ఆ రోజు ఒదిన ఈ పెట్టె మీద కూకుని ఇంకో మాట కూడా…"

"సాలు."

నేను చెయ్యి ఎత్తి ఆపాను.

"ఎల్లుండి సంగతి మాటాడు. మహాలక్ష్మిని ఆసుపత్రికి ఎవులు తీసుకెల్లాలో మాటాడు. పాల సంగతి, కాళ్ళ సంగతి, సెప్పుల సంగతి ఈ ఇంట్లో ఎవులూ నా ముందు ఎత్తకూడదు. నానూ ఎత్తను."

చెప్పుల సంగతేమిటో వాళ్ళకెవరికీ తెలియదు. అడగలేదు. మీకు చెప్పాను. ఒకసారి చెప్పాను, అంతే. దమయంతి ఇంకో మాట ఏమందో నేను విననూలేదు, మళ్ళీ అడగనూలేదు. ఇక మీదట ఆ రోజు గురించి నా నోట మాట రాదు.